నీ వచనం నువ్వు చదువుకో

చిరంజీవి నాన్నకు, పెద్దమ్మ దీవెనలు.

గుళ్ళో మీ పెళ్ళి రెండో ప్రకటన కూడా అయిపోయిందని, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. ఇక ఒక్క ఆదివారమే మిగిలింది. వాట్సాప్‌లో నువ్వడిగిన దానికి నాలుగు ముక్కల్లో జవాబు పెట్టడం నాకు చేతకాలేదు, అందుకే కాగితం తీసుకున్నా. "భర్త శిరస్సు అంటారు కదా పెద్దమ్మా, నేను చేసుకోబోయే అమ్మాయి జీతం నాకంటే ఎక్కువ, సగం డ్యూటీలు రాత్రిపూటే, పైగా వాళ్ళ సంఘంలో ఇవన్నీ చాలా గట్టిగా చెబుతారు, మరి నేనెలా ఉండాలి" అన్నావు. మీ పెదనాన్న పాస్టరుగా ఉన్నన్నాళ్ళూ పెళ్ళి కాబోయే జంటలు మా వసారాలోనే కూర్చునేవాళ్ళు. పెళ్ళయ్యాక తగువులాడుకుని వచ్చిన వాళ్ళూ అక్కడే కూర్చున్నారు. అబ్బాయిలు ఆయనతో మాట్లాడేవాళ్ళు, అమ్మాయిలు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకొచ్చి నాతో చెప్పుకునేవాళ్ళు. వంటింట్లో విన్నవే నీకు ఎక్కువ పనికొస్తాయి.

బైబిల్లో పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తీసి చదువు. ఏ మాట ఎవరితో అంటున్నాడో చూసుకుంటూ చదువు. "స్త్రీలారా, లోబడియుండుడి" అన్నప్పుడు పౌలు నీతో మాట్లాడటం లేదు, ఆమెతో మాట్లాడుతున్నాడు. "పురుషులారా, మీ భార్యలను లోబరచుకోండి" అనే మాట ఆ అధ్యాయంలో లేదు, కొలొస్సీలో లేదు, పేతురు పత్రికలోనూ లేదు. ఆమె పేరున వచ్చిన ఉత్తరం నువ్వు చింపి ఆమె ముందే పైకి చదివితే ఎలా ఉంటుందో, భార్యకు ఆ వచనం అప్పజెప్పడం కూడా అలాగే ఉంటుంది. మా వసారాలో నేను చూసిన తగువుల్లో చాలావాటికి మొదలు ఇదే. ఆయనగారికి ఆమె వచనం కంఠతా వచ్చు, ఆమెకు ఆయనది కంఠతా వచ్చు, తమ తమ వచనం మటుకు ఇద్దరికీ గుర్తుండదు.

నీ వంతు ఎక్కడుందో చూడు. భార్యలకు చెప్పింది 22 నుంచి 24 దాకా, మూడు వచనాలు. 25 నుంచి మొదలయ్యే భర్తల వంతు దానికి రెట్టింపు పైనే. కానీ పెళ్ళి ప్రసంగాల్లో మన అయ్యగార్లు 22 దగ్గర అరగంట నిలబడి, 25 వచ్చేసరికి బిర్యానీ వాసన తగిలినట్టు పరుగెత్తుతారు. మీ పెదనాన్నను కూడా నేను ఈ విషయంలో ఇంటికొచ్చాక ఆడిపోసుకున్న రోజులున్నాయి. పైగా ఇదంతా మొదలయ్యేది 22తో కాదు. దానికి ముందు వచనంలోనే ఒకరికొకరు లోబడి ఉండమని అందరికీ కలిపి చెప్పాడు. కతోలికుల పోపు రెండో జాన్ పాల్ గారు 1988లో స్త్రీల గౌరవం గురించి రాసిన లేఖలో ఇదే ఎత్తి చూపించారు. సంఘం క్రీస్తుకు లోబడటం ఒకవైపుదే అయినా, భార్యాభర్తల మధ్య లోబడటం ఇద్దరిదీ అన్నారు.

ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు నాన్నా. అరిస్టాటిల్ ఇల్లు నడపడం గురించి రాసినప్పుడు యజమాని భార్యను, పిల్లల్ని, దాసుల్ని ఎలా ఏలాలన్నదే విచారించాడు. పౌలు భార్యల్ని, పిల్లల్ని, దాసుల్ని కూడా పేరుపెట్టి పిలిచి మాట్లాడాడు. ఇక యజమాని వైపు తిరిగినప్పుడు ఎలా ఏలాలో చెప్పకుండా, క్రీస్తు సంఘం కోసం "తన్ను తాను అప్పగించుకొనెను", నువ్వూ అలా ప్రేమించు అన్నాడు. శిరస్సు అనే మాటకు కొలత అక్కడుంది. సిలువ దాకా వెళ్ళిన వాణ్ణి చూపించి, నేను శిరస్సును కాబట్టి కాఫీ తెమ్మనడం ఎలా కుదురుతుంది?

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో లెక్క తిరగబడుతుందని ఎవరైనా అంటారు. నిజమే, భార్యలకు ఆరు వచనాలు, భర్తలకు ఒక్కటే. కానీ ఆ ఒక్కదానిలో ఉన్న బెదిరింపు ఆ ఆరింటిలోనూ లేదు. భార్య కూడా జీవమనే వరంలో నీతో పాలిభాగస్థురాలని తెలుసుకుని, ఆమెను సన్మానించి కాపురం చెయ్యి, అప్పుడే నీ ప్రార్థనలకు అడ్డురాదు అంటాడు. ఆదివారం గుళ్ళో లేచి నిలబడి పావుగంట ప్రార్థన చేసే పెద్దమనుషుల్లో ఇంట్లో భార్యతో పెడసరంగా మాట్లాడేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ప్రార్థన గుడి కప్పు దాటుతుందా అని అప్పుడప్పుడూ అనుకుంటా.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. అమ్మాయి స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ అయి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరుతుంది. ఆ గంటలో నువ్వేం చేస్తావన్నదే నీ ఎఫెసీ పత్రిక. ఆమె వచ్చేసరికి ఇడ్లీ అయినా, పెరుగన్నం అయినా పళ్ళెంలో ఉండాలి. తిని పడుకున్నాక ఆ గదిలో వెలుతురు పడకుండా కర్టెన్ లాగి ఉండాలి. కుక్కర్ విజిల్సు, మోటారు, టీవీ, ఇవన్నీ ఆమె నిద్రపోకముందే కట్టిపెట్టు. బంధువులు ఫోన్ చేస్తే "పడుకుంది, సాయంత్రం మాట్లాడుతుంది" అని నువ్వు చెప్పాలి, ఆమెను లేపి ఫోన్ చేతికివ్వకూడదు. "కోడలు మధ్యాహ్నం దాకా నిద్రపోతోంది" అని ఎవరైనా నోరు జారితే, ఆ మాటకు జవాబు నీ నోటి నుంచే రావాలి. రాత్రంతా వార్డులో నిలబడి సెలైన్లు మార్చిన మనిషికి నువ్వు చేసే ఈ పనులు నీకు ఉత్త వంటపనిలా కనిపిస్తాయేమో. "తన సొంత శరీరంలా" అని పౌలు రాసింది వీటిని గురించే. ఒంటికి నిద్ర లేకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, అంతే.

జీతం ఎక్కువ అన్నావు. అది నీకెందుకు గుచ్చుకుంటోందో నువ్వే చూసుకో, దానికి వాక్యంలో ఆధారం దొరకదు. సామెతల ముప్పై ఒకటో అధ్యాయంలో గుణవతి పొలం చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. ఆమె భర్త ఊరి గవిని (ద్వారం) దగ్గర పెద్దలతో గౌరవంగా కూర్చుంటాడు, ఆమె సంపాదన వల్ల అతని పరువేమీ పోలేదు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు ఇద్దరూ డేరాలు కుట్టి బతికారు, అపొల్లో అనే బోధకుణ్ణి ఇద్దరూ కూర్చోబెట్టి బోధించారు. ఆమె జీతం ఆమె ఖాతాలోనే పడనీ. ఇంటి ఖర్చు, గుడికిచ్చే దశమభాగం, మీ అమ్మానాన్నలకు ఇచ్చేది, వాళ్ళ అమ్మానాన్నలకు ఇచ్చేది, నాలుగూ ఒకే కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాసుకోండి. నాలుగోది మర్చిపోకు, మగపిల్లలు మర్చిపోయేది అదే. కట్నం సంగతి నేను రాయక్కర్లేదు. ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961 నుంచీ చట్టం ఉంది, మనవాళ్ళు దానికి కానుకలని పేరు పెట్టుకున్నారు. నువ్వు వద్దన్నావని విన్నా, ఆ మాట మీదే ఉండు.

"ఇద్దరికీ పొసగనప్పుడు చివరి మాట ఎవరిది" అని వసారాలో ప్రతి అబ్బాయీ అడిగేవాడు. సగం విషయాల్లో చివరి మాట అవసరమే రాదు, ఒక వారం ఆగితే చాలు. శారా అబ్రాహామును యజమానుడని పిలిచిందని పేతురు రాశాడు. అదే శారా విషయంలో ఆదికాండం 21లో దేవుడు అబ్రాహాముతో, ఆమె చెప్పేది విను అన్నాడు. మొదటిది ప్రసంగాల్లో చాలాసార్లు విన్నా, రెండోది అరుదుగా విన్నా. ఇంకోటి, అననీయ సప్పీరాల కథ. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం సంఘానికి ఇచ్చామన్నాడు భర్త. అతను అక్కడే పడి చనిపోయిన మూడు గంటలకు ఆమె వచ్చింది, పేతురు ఆమెను విడిగా అడిగాడు, నిజం చెప్పడానికి దారి వదిలాడు. ఆమె భర్త చెప్పిన లెక్కే చెప్పింది, అక్కడే పడిపోయింది. భర్తకు వంతపాడానన్నది దేవుడి దగ్గర సాకుగా చెల్లలేదు. అందుకే నువ్వు తప్పు చేస్తున్నావని ఆమె అడ్డం తిరిగితే, ఆ రోజుకు అదే ఆమె నీకు చేసే సాయం అనుకో.

మనకు బాగా కావలసిన ఒకాయన స్నేహితుడి చీటీకి షూరిటీ సంతకం పెట్టాడు, ఇంట్లో చెప్పలేదు. స్నేహితుడు పాట పాడుకుని కనబడకుండా పోయాడు. భార్యకు తెలిసింది చీటీల వాళ్ళు గుమ్మంలోకి వచ్చినప్పుడు. ఆమె మా వంటింట్లో కూర్చుని "డబ్బు పోతే పోయిందమ్మగారూ, నన్ను మనిషి కింద లెక్కవెయ్యలేదు" అంది. సంతకం పెట్టే ముందు ఆమెకు చూపించు. బ్యాంకు కాగితమైనా, చీటీ అయినా, స్థలమైనా సరే.

మీ అమ్మ నా చెల్లెలే, అయినా ఇది రాయకుండా ఉండలేను. తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకోమని ఆదికాండం చెప్పింది పురుషుడికి. మన దగ్గర పుట్టింటిని విడిచేది అమ్మాయి ఒక్కతే, అబ్బాయి కదలడు. విడవడమంటే మీ అమ్మను చూడొద్దని కాదు, ఆమెకు మందులు తేవాల్సింది, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది నువ్వే. కానీ నీ భార్య మీద మీ అమ్మ నీకు చెప్పిన ఫిర్యాదు నీ దగ్గరే ఆగాలి, అటునుంచి వచ్చింది కూడా నీ దగ్గరే ఆగాలి. ఇటు మాట అటు మోసే భర్తల వల్ల చెడిన కాపురాలు నేను చాలా చూశా.

మనది 1842లో హయ్యర్ దొర గుంటూరొచ్చినప్పటి నుంచి లూథరన్ కుటుంబం. అమ్మాయి వాళ్ళది 1836లో ఇండియాకొచ్చిన బౌడెన్, బీర్ దొరలు గోదావరి డెల్టాలో మొదలుపెట్టిన బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ. ఆ అమ్మాయి ప్రార్థనలో చెంగు నెత్తిన కప్పుకుంటుంది, నగ పెట్టదు, సంఘంలో ఆడవాళ్ళు మాట్లాడరు. అటు చూస్తే సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు 2013లో నంద్యాలకు పుష్పలలిత గారిని బిషప్పుగా అభిషేకించారు. ఒకే బైబిలు చదివి ఇంత దూరం వెళ్ళారు. నా మనసు ఏ వైపో నీకు తెలుసు, కానీ ఆ వాదన నీ కాపురంలో తేల్చనక్కర్లేదు. ఆమె ముసుగు వేసుకుంటే వేసుకోనీ, తియ్యాలనుకుంటే తియ్యనీ. రెండూ నీ చేతిలో పెట్టుకోకు. తాళి కట్టాల్సిందేనని మన ఆడవాళ్ళు పట్టుబడుతున్నారని విన్నా. ఉంగరాలు మార్చుకుంటే పెళ్ళి కాకుండా పోదు.

ఒకటి పెద్దమ్మనని సిగ్గుపడకుండా చదువు. మొదటి కొరింథీ ఏడులో భార్య దేహం మీద భర్తకు అధికారం ఉందన్న నోటితోనే, భర్త దేహం మీద భార్యకు ఉందన్నాడు పౌలు. ఎడంగా ఉండాలన్నా ఇద్దరికీ సమ్మతమై ఉండాలన్నాడు. అలసిపోయానంటే అలసిపోయినట్టే.

చేయి చేసుకోవడం గురించి నీకు రాయక్కర్లేదు. కానీ రేపు నువ్వూ సంఘంలో పెద్దవవుతావు, ఎవరో ఒకమ్మాయి కమిలిన చెంపతో నీ గుమ్మంలోకొస్తుంది, అందుకు రాస్తున్నా. "ప్రార్థన చేసుకోమ్మా, లోబడు, ఆయన మారతాడు" అని తిప్పి పంపిన పెద్దల్ని నేను చూశా. ఆ అమ్మాయిల్లో కొందరి ముఖాలు నాకింకా గుర్తే. భార్యల్ని నిష్ఠురపెట్టవద్దని కొలొస్సీలో రాసి ఉంది, కొట్టడానికి అనుమతి ఎక్కడా లేదు. ముందు ఆమెను ఆ ఇంట్లోంచి బయటికి తీసుకురావాలి, తర్వాతే ప్రార్థన. ఆడవాళ్ళ సాయానికున్న 181 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు, గృహహింస మీద 2005లో వచ్చిన చట్టం క్రైస్తవ స్త్రీకి కూడా వర్తిస్తుంది. మన విడాకుల చట్టం 1869 నాటిది. భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు, భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, వదిలెయ్యడమో కూడా రుజువు చెయ్యాలి. 2001లో దిద్దేదాకా అది అలాగే ఉంది. అన్నేళ్ళూ మన ఆడవాళ్ళు ఏం భరించారో సంఘాల రిజిస్టర్లలో రాసి ఉండదు.

శనివారం అయ్యగారి దగ్గరికి మీ ఇద్దరూ కలిసే వెళ్ళండి, నువ్వొక్కడివే వెళ్ళకు. ఆ లోపు ఆమెకు ఫోన్ చేసి వచ్చే నెల డ్యూటీ రోస్టర్ అడిగి తీసుకో. వాళ్ళ ఊళ్ళో రిసెప్షన్ తేదీ ఆ నైట్ షిఫ్టులు చూసి పెట్టండి. తాళి సంగతి మీ అమ్మతో నువ్వే మాట్లాడు, నన్ను మధ్యలో పెట్టకు. గురువారం పొద్దున పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి దిగుతా, స్టేషనుకు ఎవరూ రానక్కర్లేదు, ఆటోలో వస్తా.

ఇట్లు,
మీ పెద్దమ్మ