లాక్ పడిందంటే ఖాళీగా ఉందని కాదు

చి. శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్‌లో తలుపుల మెయింటెనెన్సుకు వేశారని మీ అమ్మ చెప్పింది. 2020 డిసెంబరు 28న డ్రైవర్ లేని రైలు మొదలైన లైన్ అది. అక్కడ కదిలే ముందు ప్లాట్‌ఫాం వైపు చూసే కన్ను ఉండదు, తలుపుల స్విచ్చులు చెప్పిందే మాట.

ఆ స్విచ్చులకు తెలిసేది రెక్కలు చోటికి వచ్చాయని, లాక్ పడిందని. మధ్యలో చీర కొంగు ఉందో లేదో తెలియదు. అంచు రబ్బరు మెత్తన కాబట్టి పలుచని బట్ట అందులో ఇమిడిపోతుంది, మోటారుకు అడ్డే తగలదు. 2023 డిసెంబరులో ఇందర్‌లోక్ స్టేషన్‌లో బట్టలు తలుపులో చిక్కుకుని ఒక మహిళ చనిపోయింది. అది డ్రైవర్ ఉన్న రైలే!

మూసుకునే తలుపు మధ్యలో అడ్డాన్ని పసిగడుతోందో లేదో చూసే అడ్డు పరీక్షకు 30 మి.మీ. మందం, 60 మి.మీ. ఎత్తు దిమ్మె వాడతారు కదా, దాన్ని నడుమ ఒక్కచోటే పెట్టి సంతకం చేయకు. రెక్క పైనుంచి వేలాడుతుంది. అడుగున అడ్డం పడితే కింద వంగి పైన మూసుకుపోతుంది, అందుకే అడ్డాన్ని పసిగట్టలేకపోయేది ఎక్కువగా అడుగునే. పైన, నడుమ, అడుగున మూడుచోట్లా పెట్టు. తర్వాత నూలు గుడ్డ పీలిక ఇరికించి స్ప్రింగ్ త్రాసుతో లాగు, అంకెను మాన్యువల్‌తో పోల్చు. గట్టిగా పట్టేస్తుంటే రబ్బరు బిగుసుకుపోయిందేమో చూడు.

తలుపు మూసుకోబోయి ఊరికే మళ్లీ తెరుచుకుంటోందని ఫిర్యాదు వస్తే ముందు కింది గాడి చూడు. ఇసుక, గుట్కా పొట్లం, చిల్లర నాణెం, ఏదో ఒకటి ఉంటుంది. బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీసెయ్. గ్రీజు మాత్రం రాయకు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. ఆలస్యం తగ్గాలని మూసే బలం పెంచమంటారు. ఒప్పుకోకు. మొదటిసారి మూసేటప్పుడు 150 న్యూటన్లు దాటకూడదని యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 14752 చెబుతోంది.

ఐసోలేట్ చేసిన తలుపును, అంటే చెడిపోయిందని తాళం వేసి పక్కనపెట్టినదాన్ని, తలుపులన్నీ మూశాయో లేదో చూసే సర్క్యూట్ లెక్కలోకి తీసుకోదు. అందుకే తాళం తిప్పాక రెండు చేతులతో తోసి చూడు. తలుపు పనిచేయదని స్టిక్కర్ లోపలా బయటా అంటించు. ఎదురుగా ప్లాట్‌ఫాం అంచున ఉండే అద్దాల తలుపు (ప్లాట్‌ఫాం తలుపు) సంగతి కూడా స్టేషన్‌కు చెప్పు.

రైలుకూ ప్లాట్‌ఫాం తలుపుకూ మధ్య సందు ఇంకా ప్రమాదం. 2022 జనవరి 22న షాంఘైలో, డ్రైవర్ లేని 15వ లైన్‌లో, ఒక వృద్ధురాలు ఆ సందులోనే ఇరుక్కుని చనిపోయింది. స్టేషన్ వాళ్లతో కలిసి అభ్యాసం చేసేటప్పుడు వరస ఇదే: ఎవరైనా చిక్కితే ముందు ఎమర్జెన్సీ స్టాప్ బటన్, తర్వాత కంట్రోల్ రూమ్, ఆ తర్వాతే మనిషిని లాగడం.

మీ బాబాయి