పెట్టె తెప్పించడానికి ఇచ్చే ఊరు, వకీలుకు ఎందుకు ఇవ్వదు?

గల్ఫ్‌లో చనిపోయినవారిని శవపేటికలో ఇంటికి తెప్పించడానికి మీ ఊళ్లో ఒక్క రోజులో చందా పోగవుతుందని, అదే బతికున్న కార్మికుల కేసులు చూసే వకీలు కోసం అడిగితే ఎవరూ ముందుకు రారని రాశారు. ఏజెంట్లు ఇస్తామంటున్న డబ్బు తీసుకోవచ్చా, ఆ నిధిని శరణార్థులకూ వాడవచ్చా అని కూడా అడిగారు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక, కోరుట్ల ప్రాంతంలో కొందరు మిత్రులతో కలిసి నేను ఇలాంటి చిన్న నిధినే చూసుకుంటున్నాను కనుక, మాకు అనుభవంలోకి వచ్చింది చెబుతాను.

మొదటి ఏడాది మేము ‘న్యాయ సహాయ నిధి’ అని కరపత్రం అచ్చువేసి పంచాం. చదివినవారికి వాయిదాలు, ఏళ్ల తరబడి తిరగడం తప్ప మరేమీ గుర్తుకు రాలేదు కాబోలు, వచ్చిన సొమ్ము అచ్చు ఖర్చుకు కూడా చాలలేదు. పరిస్థితిని మార్చింది చేతిరాత కాగితం చీటీ ఒకటి. బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్న ఒకావిడ తన భర్త కాగితాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, విజిట్ వీసా (చూసి రావడానికిచ్చేది, పనికి కాదు) కాపీ, ఏజెంటుకు ఫోన్‌పేలో పంపిన సొమ్ముకు నాలుగు స్క్రీన్‌షాట్లు, నోటుపుస్తకంలోంచి చింపిన ఒక కాగితం ముక్క ఉన్నాయి. దాని మీద ఏజెంటు చేతిరాతలో ‘వీసా 80, మెడికల్ 6, టికెట్ 24’ అని ఉంది, అంకెలన్నీ వేలల్లో. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఈయనకు అసలు రిజిస్ట్రేషనే లేదు. ఆవిడ అనుమతితో, పేర్లు కనబడకుండా చేసి, ఆ చీటీ ఫొటోను ఇంటింటికీ చూపించాం. తమ ఇంటి బీరువాలోనూ అలాంటిదొకటి ఉందని చెప్పనివారు తక్కువ.

అప్పుడు వకీలు ఎందుకో చెప్పడం తేలికైంది. విదేశాలకు పనికి పంపడాన్ని నియంత్రించే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మోసపోయిన మనిషి గానీ, అతని భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరివారు గానీ స్వయంగా ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అంటే ఆ బీడీ కార్మికురాలి సంతకానికే చట్టంలో బలం ఉంది, కానీ సరైన సెక్షన్లు వేసి, స్క్రీన్‌షాట్లను సాక్ష్యంగా జతచేసి ఆమెకు ఫిర్యాదు రాసిపెట్టే మనిషి లేడు. ఆ మనిషికి నెలనెలా ఇంత ఇవ్వాలని అడిగితే, సాలుకు ఐదు వేలు ఇవ్వనివారు కూడా నెలకు వంద ఇచ్చారు. ఇచ్చినవారిలో ఎక్కువమంది గల్ఫ్‌లోనే ఉన్న కార్మికులు, తాము ఏదో ఒకనాడు ఖల్లివల్లి, అంటే సరైన కాగితాలు లేని కార్మికులు, అయ్యే ప్రమాదం ఉందని ఎరిగినవారు.

‘ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుంది కదా’ అని తప్పకుండా అడుగుతారు. నిజమే, ఉచితంగా దొరికేదానికి చందా సొమ్ము ఖర్చు పెట్టకూడదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును పొందవచ్చు; న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేస్తే చాలు. విదేశాలకు పనికి వెళ్లే కార్మికుల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ఉద్యోగ వివాదాల కోర్టు ఖర్చుకు 45,000 రూపాయల వరకు ఉంది, అయితే విజిట్ వీసా మీద వెళ్లినవారికి ఆ పాలసీయే ఉండదు. జీతం బకాయిలు వదులుకుని తిరిగొచ్చినవారు అక్కడి కోర్టుకు వెళ్లాలంటే పవర్ ఆఫ్ అటార్నీ (తమ తరఫున కేసు నడిపే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) రాసి, దాన్ని ఒక్కొక్క కార్యాలయంలో ధ్రువీకరింపజేసి పంపాలి. మా నిధిలో పెద్ద భాగం అక్కడే కరిగిపోతోంది.

అన్నిటికన్నా ముఖ్యం, సర్కారు జీతం మీద ఆధారపడిన సాయం సర్కారును ప్రశ్నించడం కష్టం. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ ఉద్యోగాలకు నిర్ణయించిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. దానిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, 2021లో కేంద్రం పాత వేతనాలనే పునరుద్ధరించింది. నేను చందా అడిగే ప్రతి చోటా ఈ ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఒక్క కేసు ఎంతమంది జీతాలను కాపాడగలదో దానికి మించి చూపేది నాకు తెలియదు.

ఏజెంట్ల డబ్బు వద్దు. మాకూ ఒకాయన యాభై వేలు, పైగా బ్యానరు ఖర్చు తానే పెట్టుకుంటానని వచ్చారు. మాలో ఇద్దరు తీసుకుందామన్నారు, చాలా వాదన జరిగింది, చివరికి మర్యాదగా కాదన్నాం. మూడు నెలలు తిరక్కుండానే ఆయన మీదే ఫిర్యాదు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు మా గుమ్మంలో నిలబడ్డారు. రాజకీయ పార్టీల సొమ్ముకూ ఇదే మాట.

శరణార్థుల విషయంలో నా అనుభవం తక్కువ. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కనుక, హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల చేతిలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఇక్కడ నివాస హక్కు ఇవ్వదు. అయినా న్యాయ సేవల చట్టం ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అంది. వారిలో మహిళలు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత వకీలును అడగవచ్చు. మీ నిధిని వారికీ వాడదలచుకుంటే, ఆ మాట మొదటి రోజే దాతలకు చెప్పండి. తర్వాత తెలిస్తే గల్ఫ్ పేరుతో ఇచ్చినవారు మోసపోయామనుకుంటారు.

విదేశాల నుంచి వచ్చే చందాలో ఒక మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరివారు పంపేది మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. జీవితమంతా బ్యాంకులో పనిచేసిన నేనే పౌరసత్వం అడగడం మరచిపోయి ఖాతా వివరాలు ఒకాయనకు పంపాను. అదృష్టవశాత్తు సొమ్ము రాకముందే గుర్తొచ్చి ఆపించాను. అయితే ఇక్కడున్న తమ్ముడి ఖాతాలో వేసి ఇప్పిస్తానన్నారాయన. అలా తిప్పి ఇచ్చినా అది విదేశీ విరాళమే అవుతుందని చెప్పి ఒప్పించడానికి రెండు ఫోన్లు పట్టాయి. ఇప్పుడు మా రసీదు పుస్తకంలో పేరు పక్కనే పౌరసత్వం అనే గడి ఉంది.