ఆటిజం ఉన్న మా బాబు బడి పేరెత్తితే వణికిపోతున్నాడు... ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. అయిదో ఏట ఆటిజం స్పెక్ట్రమ్ ఉందని చెబితే స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పించాం. మాటలు బాగా వచ్చాయి, లెక్కల్లో చురుకు. అయిదో తరగతి దాకా ఇంటి దగ్గరున్న చిన్న స్కూల్లో ఇబ్బంది లేకుండా చదివాడు. ఈ జూన్‌లో పెద్ద స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాం. దసరా సెలవుల తర్వాత నుంచి పొద్దున లేవగానే కడుపునొప్పి అంటాడు, వాంతి చేసుకుంటాడు, యూనిఫాం తొడగబోతే బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. ఆదివారం ఏ నొప్పీ ఉండదు. నా గారాబం వల్లే ఇలా తయారయ్యాడని మావారు, అత్తగారు అంటున్నారు. హాస్టల్లో వేస్తే దారికొస్తాడట. మీ సలహా కోరుతున్నాను.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందుగా హాస్టల్ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టండి. ఇప్పుడు మీ బాబుకు ధైర్యంగా ఉన్న ఒకే ఒక్క చోటు ఇల్లు. అది కూడా దూరమైతే భయం ఇంకా ముదురుతుంది. ఇక గారాబం సంగతి అంటారా, గారాబం చేసిన పిల్లలకు రోజూ పొద్దున్నే వాంతులు కావు. ఆందోళన పెరిగినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ వంటి హార్మోన్లు పేగుల కదలికను మార్చేస్తాయి కాబట్టి, ఆ పిల్లవాడు చెబుతున్న కడుపునొప్పి నిజమైన నొప్పే. ఆదివారం అది రాకపోవడం నటనకు రుజువు కాదు, బడిలో ఏదో అతనికి భరించరానిదిగా ఉందనడానికి గుర్తు. ఈ మాట మీవారికీ, అత్తగారికీ కూడా చదివి వినిపించండి.

అయినా ఒకసారి పిల్లల వైద్యులకు చూపించడం అవసరం. మలబద్ధకం, రక్తహీనత, మైగ్రేన్, నిద్ర సమస్యలు ఉన్నాయేమో చూస్తారు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం వంటివి ఉంటే మాత్రం ఆందోళన వల్లేనని సరిపెట్టుకోకుండా వెంటనే పరీక్షలు చేయించాలి.

ఆరో తరగతిలోనే ఎందుకు మొదలైందన్నది కీలకం. చిన్న స్కూల్లో రోజంతా దాదాపు ఒకే టీచరు, తెలిసిన ముఖాలు, నడిచి వెళ్లే దూరం ఉండి ఉంటాయి. పెద్ద స్కూల్లో పీరియడ్‌కొక టీచరు, బస్సు హారన్లు, ప్రార్థన సమయంలో మైకు మోత, భోజనాల హాల్లో వందల టిఫిన్ బాక్సుల వాసన, మెట్ల మీద తోపులాట ఎదురవుతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి శబ్దం, వాసన, స్పర్శ మనకన్నా ఎన్నో రెట్లు తీవ్రంగా తెలుస్తాయి. జూన్ నుంచి దసరా వరకు మీ బాబు వీటన్నింటినీ పళ్ల బిగువున ఓర్చుకుని ఉంటాడు. సెలవుల్లో కాస్త ఊపిరి పీల్చుకున్నాక, మళ్లీ అదే భారాన్ని తలకెత్తుకునే శక్తి మిగల్లేదు.

"ఎందుకు వెళ్లవురా?" అని పదే పదే అడగకండి. తన మనసులో ఏం జరుగుతోందో మాటల్లో పెట్టడం ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి కష్టం. నిలదీస్తే మౌనమో, ఏడుపో సమాధానమవుతుంది. దానికి బదులు ఓ సాయంత్రం తెల్లకాగితం మీద బడి రోజును వరుసగా గడులుగా గీయండి: బస్సు, గేటు, ప్రార్థన, ఒక్కో పీరియడ్, ఇంటర్వెల్, మరుగుదొడ్డి, భోజనం, ఆటలు, తిరిగి బస్సు. ఫర్వాలేదనిపించే గడికి ఆకుపచ్చ, కష్టమనిపిస్తే పసుపు, అసలు భరించలేకపోతే ఎరుపు రంగు వేయమనండి. మీరు పక్కన కూర్చోండి చాలు, ఏమీ వ్యాఖ్యానించకండి. తల్లిదండ్రులు లెక్కల టీచరు గురించో, హోంవర్క్ గురించో అనుమానపడుతూ ఉంటారు. తీరా ఎరుపు రంగు మరుగుదొడ్డి గడి మీదో, బస్సులో వెనక సీటు మీదో పడుతుంది. అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నారా అన్నది తప్పనిసరిగా, నెమ్మదిగా తెలుసుకోవాలి. అదే జరుగుతుంటే ముందు దాన్ని ఆపాలి, తర్వాతే బడి మాట.

ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్‌ను కలవండి. మీరు అడుగుతున్నది దయాదాక్షిణ్యం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు ఇలాంటి పిల్లల అవసరాన్ని బట్టి తగిన వెసులుబాట్లు కల్పించాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ ఆశిస్తోంది. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు (యూడీఐడీ) లేకపోతే దరఖాస్తు చేసుకోండి, ముందుముందు పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం వంటివి కోరడానికీ పనికొస్తుంది. బడిని అడగాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు: ప్రార్థన అయ్యాక రానివ్వడం, తలుపు దగ్గరి బెంచీ, అడగకుండానే మరుగుదొడ్డికి వెళ్లే అనుమతి, మోత ఎక్కువైతే లైబ్రరీలో పది నిమిషాలు కూర్చునే వీలు, టైంటేబుల్ మారితే ముందురోజే చెప్పడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ ఇబ్బంది వచ్చినా వెళ్లి చెప్పుకోగల ఒక టీచరు.

ఈ మార్పులు జరిగాకే తిరిగి పంపడం మొదలుపెట్టండి. భయపడిన చోటికి అలవాటు చేస్తూ పోతే భయం తగ్గుతుందన్నది సాధారణంగా నిజమే గానీ, చెవులు బద్దలయ్యే మోతకు అలవాటు పడమనడం న్యాయం కాదు. అలాగని పూర్తిగా మాన్పించి ఇంట్లో ఉంచేస్తే, వెళ్లకపోవడంలోని ఊరట రోజురోజుకూ పెరిగి తిరిగి వెళ్లడం మరింత కష్టమవుతుంది. అందుకే సాయంత్రం బడి ఖాళీగా ఉన్నప్పుడు ఆ టీచరును కలిసి రావడంతో ప్రారంభించి, తర్వాత లెక్కల పీరియడ్ ఒక్కదానికే తీసుకెళ్లి, అది కుదురుకున్నాక మరొకటి కలపండి. తర్వాతి మెట్టు ఎప్పుడన్నది బాబుతో కలిసి నిర్ణయించండి. ఈడ్చుకెళ్లి బస్సెక్కించడం, ఇతర పిల్లలతో పోల్చడం వద్దు. ఇంట్లో ఉన్న గంటల్లో మామూలు వేళకే లేవాలి, కొంత చదువుకోవాలి, బడి సమయంలో ఫోను, టీవీ వద్దు. కానీ అతనికి ప్రాణమైన బొమ్మల్ని, ఇష్టాల్ని శిక్షగా లాక్కోకండి.

రెండు, మూడు వారాల్లో కదలిక లేకపోతే పిల్లల మానసిక వైద్యులను కలవండి. ఆటిజం ఉన్న పిల్లలకు తగినట్టు బొమ్మలు, పటాలతో మార్చిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్ని, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స) ఆందోళన తగ్గించడంలో ఉపయోగపడుతుంది. తీవ్రత ఎక్కువైతే మందులు కూడా అవసరం కావచ్చు. వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి, మధ్యలో ఆపకూడదు. బాబు తిండి మానేసినా, తనను తాను గాయపరచుకున్నా, చచ్చిపోతానన్నా ఒక్కరోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంక్రాంతి సెలవుల తర్వాత కడుపునొప్పి మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. సెలవుల్లో చివరి మూడు రోజులు బడి రోజుల్లాగే లేపి, వీలైతే ఆ టీచరుతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించి, మొదటి రోజు సగం పూటే పంపండి.