అలలతో కరెంటు

ప్రశ్న: మాది పెదజాలరిపేట. మా నాన్న పడవ మీద వేటకు వెళ్తారు. అలలు రాత్రీ పగలూ కొడుతూనే ఉంటాయి కదా సార్, వాటితో కరెంటు తీయలేమా?
– ఇంటర్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మన దేశంలోనే తీశారమ్మా. కేరళలోని విళింజం దగ్గర 1991లో ఐఐటీ మద్రాసు వాళ్లు 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు. నీళ్లలోకి నోరు తెరుచుకున్న కాంక్రీటు గది అనుకో. అల వస్తే లోపలి నీరు లేచి గాలిని పైకి తోస్తుంది, అల పోతే గాలిని వెనక్కి లాగుతుంది. పైనున్న వెల్స్ టర్బైన్ అనే రెక్కల చక్రం మాత్రం గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరుగుతుంది, ఆ తిరుగుడుతోనే కరెంటు పుడుతుంది. ముప్పయ్యేళ్లు మోటార్లతో గడిపిన నాకు ఎంతో ఇష్టమైన యంత్రమిది.

చిక్కల్లా సముద్రంతోనే. అల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. మామూలు రోజున చాలీచాలని అల, తుపానునాడు యంత్రాన్నే విరిచేస్తుంది. 2014 హుద్‌హుద్‌కి మా వీధిలో కరెంటు స్తంభాలు నేలకొరగడం కళ్లారా చూశాను. పైగా ఉప్పుగాలి, మా బాల్కనీ గ్రిల్‌కే ఏటా రంగు వేయించాలి.

స్పెయిన్‌లోని ముట్రికులో 2011లో అలలను అడ్డుకునే రేవు గోడలోనే 16 టర్బైన్లు అమర్చారు. ఎలాగూ కట్టే గోడే కాబట్టి ఖర్చు కలిసొస్తుంది. మన దగ్గర కొత్త గోడ కట్టేటప్పుడు ఇది ఆలోచించాలని నా గట్టి కోరిక. ఏ నెలలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో మీ నాన్నగారిని అడిగి రాసి పంపు, తప్పకుండా చదువుతాను.