నాడీకణాలు ఎన్ని రకాలు, నిర్మాణం ఎలా ఉంటుంది?

పని చూసి చెప్తే మూడు రకాలు: జ్ఞాన, చాలక, సహసంబంధ. ఎండాకాలం మధ్యాహ్నం హనుమకొండ వేయిస్తంభాల గుడిలో చెప్పులు విప్పి కాలిన బండ మీద అడుగు వేశారనుకోండి, ఆ వేడి కబురును జ్ఞాన నాడీకణం వెన్నుపాముకు చేరవేస్తుంది, అక్కడ సహసంబంధ కణం దాన్ని అందుకుని చాలక కణానికి ఇస్తుంది, అది తొడ కండరాన్ని లాగుతుంది. మంట మెదడుకు తెలిసేలోపే కాలు పైకి లేస్తుంది, నాకైతే ఇది ఇప్పటికీ అద్భుతమే.

నిర్మాణం కష్టమేం కాదు. కేంద్రకం ఉండే కణదేహం, దాని చుట్టూ కబురు అందుకునే పొట్టి కొమ్మలు డెండ్రైట్లు, కబురును బయటికి పంపే ఒకే ఒక పొడుగు తీగ ఆక్సాన్. నడుము దగ్గర వెన్నుపాములో మొదలై పాదం దాకా పోయే ఆక్సాన్ పొడవు దాదాపు 1 మీటరు, అదీ ఒక్క కణంలో భాగమే! చాలా ఆక్సాన్ల మీద మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, మధ్యమధ్యలో ఖాళీలు (రాన్వియర్ కణుపులు), విద్యుత్ సంకేతం ఈ కణుపుల మీదుగా దూకుతూ పోతుంది కాబట్టే కొన్నింటిలో వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. ఆక్సాన్ చివర, తర్వాతి కణానికి మధ్య సన్నని సందు ఉంటుంది, కబురును రసాయనాలు ఆ సందు దాటిస్తాయి, ఈ కూడలే సినాప్స్.

ఆకారాన్ని బట్టి, అంటే కణదేహం నుంచి ఎన్ని కొమ్మలు బయలుదేరతాయో చూసి, బహుధ్రువ (చాలక కణాలు), ద్విధ్రువ (కంటి రెటీనాలో), ఏకధ్రువ అని కూడా అంటారు. పరీక్షలో బొమ్మ వేసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: చర్మం నుంచి వచ్చే జ్ఞాన నాడీకణం కణదేహం వెన్నుపాము లోపల ఉండదు, పక్కనే ఉన్న నాడీముడిలో (కణదేహాల గుంపులో) ఉంటుంది.