మీడియా మైనరులో ఎన్ని క్రెడిట్లు అన్నదానికంటే ఏ పేపరు ముందు అన్నదే ముఖ్యం

మీ అమ్మాయి బెంగళూరులో బీఏ ఎకనామిక్స్‌లో చేరిందనీ, కమ్యూనికేషన్, మీడియా స్టడీస్ మైనరుగా, అంటే ప్రధాన సబ్జెక్టుకు (మేజరుకు) తోడుగా చదివే రెండో సబ్జెక్టుగా తీసుకోవాలనుకుంటోందనీ రాశారు. ఎన్ని క్రెడిట్లు కావాలి, కెమెరా కొనాలా అని అడిగారు. నేను ఇక్కడి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఇవే రెండు సబ్జెక్టులతో డిగ్రీ చేశాను.

క్రెడిట్ల లెక్క తేలికే. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, అందులో మైనరుకు 24. నాలుగేళ్ల ఆనర్సుకు 160, మైనరుకు 32. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటల పాఠం, ల్యాబ్ పనైతే 30 గంటలు. రెండో సెమిస్టరు చివర మైనరు ఏదో చెప్పాలి. అయితే కర్ణాటక ప్రభుత్వం 2024-25 నుంచి తన విశ్వవిద్యాలయాల్లో మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది. అందువల్ల సీనియర్లు చెప్పే లెక్కలు మీ అమ్మాయికి సరిపోకపోవచ్చు. తను చేరిన సంవత్సరం నిబంధనల పుస్తకమే చూడమనండి.

నన్ను ఇబ్బంది పెట్టింది పేపర్ల వరుస. మా దగ్గర నాలుగేసి క్రెడిట్ల పేపర్లు ఆరు. మూడో సెమిస్టరులో కెమెరా మీద మోజుతో ఫొటోగ్రఫీ, ఆ తర్వాత వీడియో, రచన తీసుకున్నాను. మాస్ కమ్యూనికేషన్ పరిచయ పేపరు చదవనిదే మీడియా చట్టాలు, పరిశోధనా పద్ధతులు తీసుకోనివ్వరని నాకు తెలియదు. ఆ పరిచయ పేపరు బేసి సెమిస్టర్లలోనే ఉండేది. ఈ సంగతి చేతిపుస్తకం చివర ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నారు, రిజిస్ట్రేషన్ రోజున ఎవరూ చెప్పలేదు. దాంతో పరిచయ పేపరు ఐదో సెమిస్టరుకు, చట్టాలు, పరిశోధన పేపర్లు రెండూ ఆరో సెమిస్టరుకు జరిగాయి. సరిగ్గా అప్పుడే ఎకనామిక్స్ ప్రాజెక్టు. మేజరులో చదివిన గణాంక పేపరును మైనరు కింద లెక్కించమని అడిగితే, ఒకే క్రెడిట్లు రెండు చోట్ల చెల్లవన్నారు.

ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎందుకంటే నేను హడావిడిగా ముగించిన ఆ రెండు పేపర్లే మైనరు మొత్తానికి ప్రాణం. రేడియో, టీవీ ప్రసారాలను మోసే గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు చదివాం. దాని వెంటే 2008లో జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు మొదలుపెట్టిన ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియో గురించి చెప్పారు. తెలుగు నేల మీది ఆ రేడియో సంగతి నేను మొదటిసారి విన్నది బెంగళూరులో, కన్నడం మాతృభాషగా గల ఒక అధ్యాపకురాలి నోట!

పరిశోధన పేపరుకు మారతహళ్లిలో నేనుండే హాస్టల్లోని 22 మంది తెలుగు అమ్మాయిలను, వార్తలు ఎక్కడ తెలుసుకుంటారని అడిగాను. దాదాపు అందరూ ఏదో ఒక పత్రిక పేరు చెప్పారు. మేడం ఆ ప్రశ్నే మార్చమన్నారు: మీ ఊరి వార్త చివరిసారి ఏది విన్నారు, ఎవరి ద్వారా? ఈసారి పత్రికల పేర్లు దాదాపు రాలేదు. అమ్మ ఫోను, కుటుంబ వాట్సాప్ గ్రూపు, సొంతూరి నుంచి వచ్చిన రూమ్మేటు. ప్రశ్న అడిగే తీరును బట్టి జవాబు ఎంత మారుతుందో ఎకనామిక్స్ సర్వే పాఠాల్లోనూ నాకు అంతగా తలకెక్కలేదు. ఒక ఏడాది ముందే ఇది చదివి ఉంటే నా మేజరు ప్రాజెక్టు ప్రశ్నావళిని మరోలా రాసేదాన్ని.

కాబట్టి మూడో సెమిస్టరు రిజిస్ట్రేషన్‌కు ముందే మీ అమ్మాయిని నేరుగా మీడియా విభాగాధిపతిని కలవమనండి. ఏ పేపరుకు ఏది ముందు చదవాలి, ఏది ఏ సెమిస్టరులో ఉంటుంది, ఎకనామిక్స్ టైంటేబుల్‌తో ఏది ఢీకొంటుంది అని అడిగి, జవాబు ఈమెయిల్లో ఇమ్మని కోరాలి. పరిచయ పేపరు ఉంటే కళ్లు మూసుకుని దాన్నే ముందు తీసుకోమనండి.

కెమెరా ఇప్పుడే కొనకండి. మా విభాగంలో సంతకం పెట్టించుకుని రెండు రోజులకు ఇచ్చేవారు, అక్కడా ఆ ఏర్పాటు ఉందేమో కనుక్కోండి. తొలి అసైన్‌మెంట్లు నేను ఫోనుతోనే తీశాను. కొనాలనే అనిపిస్తే చొక్కాకు తగిలించే చిన్న మైకు కొనివ్వండి. బెంగళూరు రోడ్ల పక్కన రికార్డు చేసిన నా మొదటి ఇంటర్వ్యూలో బస్సుల హారన్లు తప్ప మాటలు వినిపించలేదు.