ఐదు వాట్ల సెట్టు, ఇరవై మీటర్ల తీగ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల భుజం సంచిలో పట్టే చిన్న హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి దూరాలవాళ్లతో మాట్లాడుకునే రేడియో) గురించి రాశాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది ‘ఏ సెట్టు కొనాలి?’ అనే. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి జవాబు మాటిమాటికీ సెట్టు వదిలేసి తీగ, అంటే యాంటెన్నా దగ్గరికే పోతుంది. ఓపిక పట్టండి.

మేడమ్ గారూ, మాది జీడిపప్పు వ్యాపారం. ఆన్‌లైన్‌లో రెండు వాకీటాకీలు కొన్నాను. ఫ్యాక్టరీకీ గోడౌన్‌కీ మధ్య మాట్లాడుకోవాలి. హ్యామ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, కాశీబుగ్గ

సరిపోదు బాబూ. హ్యామ్ బ్యాండ్లలో, అంటే హ్యాములకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల్లో వ్యాపారం మాటలు మాట్లాడకూడదు. బస్తాలు ఎన్ని దిగాయి, లారీ బయల్దేరిందా అన్నవి అక్కడ కుదరవు. పాటలు వేయకూడదు, గుట్టు భాష వాడకూడదు. మీ పనికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, లైసెన్సు అక్కర్లేని సెట్లు ఉన్నాయి. వాటిలోనూ ప్రభుత్వ ఆమోదం ఉన్నదే కొనండి. మీ చేతిలో ఉన్నవి ఏ ఫ్రీక్వెన్సీ కొడితే ఆ ఫ్రీక్వెన్సీలో పలికే రకమైతే, తెలియకుండానే పోలీసు ఛానల్ మీద పడే ప్రమాదం ఉంది. లైసెన్సు లేకుండా అలాంటివి దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. వాకీటాకీలు ఇలా అమ్ముతున్నందుకే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకందార్లకు నోటీసులు ఇచ్చింది. బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. హ్యామ్ పరీక్ష రాస్తానంటోంది. వయసు సరిపోతుందా? ఆడపిల్లకి ఇదేం సరదా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. – ఒక తల్లి, రాజాం

పన్నెండేళ్లు నిండితే చాలు తల్లీ. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఈ పరీక్ష పెడుతుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు రేడియో సూత్రాలు, నిబంధనలు చదివితే చాలు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా రావాలి. పదో తరగతి ఫిజిక్స్‌లో కరెంటు పాఠం ఇష్టంగా చదివే పిల్లకి సిలబస్ కష్టం కాదు.

ఇంట్లో పెద్దవాళ్లకు భారతీ ప్రసాద్ గారి సంగతి చెప్పండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున 2004 డిసెంబరులో ఆవిడ అండమాన్ వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టారు. అది ప్రపంచంలోని హ్యాములతో మాట్లాడటానికి పెట్టిన స్టేషన్. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ తర్వాత అదే స్టేషన్ నుంచి ద్వీపాల కబుర్లు, క్షేమ సమాచారాలు బయటికి వెళ్లాయి. ఆడపిల్లకి ఏం సరదా అన్నవాళ్లు దీనికేమంటారో నాకు రాయండి, వినాలని ఉంది.

నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది. సెలవు రోజుల్లో కొండలెక్కుతుంటాను. ఐదు వాట్ల సెట్టు కొందామంటే మిత్రులు ‘ఐదు వాట్లంటే బెడ్‌లైటు కూడా కాదు, వంద వాట్లది కొను’ అంటున్నారు. ఏది నిజం? – ఒక ఉపాధ్యాయుడు, శృంగవరపుకోట

మాస్టారూ, బెడ్‌లైటు మాట బాగుంది గానీ లెక్క వేరు. వంద వాట్ల నుంచి ఐదుకు దిగితే సిగ్నల్ బలంలో తేడా 13 డెసిబెల్స్. అవతలి సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఒక్కో అంకెకు 6 డెసిబెల్స్. అంటే వంద వాట్లతో ఎస్9గా వినపడే మీరు ఐదు వాట్లతో ఎస్7కు కాస్త కిందగా వినపడతారు. అవతల నిశ్శబ్దంగా ఉంటే అది హాయిగా అర్థమయ్యే సిగ్నలే. అవతలాయన ఊరి నడిబొడ్డున ఉండి, ఆయన దగ్గర రొదే ఎస్7 ఉంటే మాత్రం మీరు మునిగిపోతారు. అదీ ఒప్పుకోవాలి.

ఆ రెండంకెల్లో కొంత తీగతో రాబట్టుకోవచ్చు. సెట్టుకు నేరుగా బిగించే పొట్టి కడ్డీ 7 మెగాహెర్ట్జ్ దగ్గర మీ ఐదు వాట్లలో చాలా భాగాన్ని వేడిగా మార్చి పారేస్తుంది. ఉన్నదే ఐదు, అందులో ఇంత దండగా? ఎలక్ట్రికల్ షాపులో ఇంటి వైరింగుకు వాడే సన్న తీగ కొనండి. 143ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి సుమారు 20 మీటర్లు. సగానికి కోసి, మధ్యలో పీవీసీ పైపు ముక్క పెట్టి, ఒక సగాన్ని కోయాక్స్ (సెట్టు నుంచి వచ్చే, టీవీ కేబుల్ లాంటి తీగ) లోపలి తీగకీ రెండోదాన్ని పై జల్లెడకీ టంకం పెట్టండి. ముందు కొంచెం పొడవుగానే ఉంచి, ఎస్‌డబ్ల్యూఆర్ (తీగ నుంచి సెట్టుకు వెనక్కి తిరిగొచ్చే శక్తిని బట్టి చూసే కొలత) చూస్తూ రెండు కొసల్లో సమానంగా తగ్గించుకుంటూ రండి. తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే లెక్క కన్నా రెండు మూడు శాతం తక్కువ దగ్గర కుదురుతుంది.

మీకు పుణ్యగిరి పక్కనే ఉంది, చెట్లకు కొరత లేదు. సగం నీళ్లున్న బాటిల్‌కు నైలాన్ తాడు కట్టి కొమ్మ మీదుగా విసిరి, తీగ మధ్య భాగాన్ని ఆరేడు మీటర్ల ఎత్తుకు లాగండి. రెండు కొసలూ కిందికి వాలుగా కట్టండి. దగ్గర్లో కరెంటు తీగ లేదని చూసుకున్నాకే బాటిల్ విసరాలి, ఇందులో మొహమాటం వద్దు. ఇంత తక్కువ ఎత్తులో కట్టిన తీగ ఎక్కువగా పైకే పంపుతుంది. అది అయనోస్ఫియర్‌కు (ఆకాశంలో ఎత్తున రేడియో తరంగాలను తిప్పి పంపే పొరకు) తగిలి కొన్ని వందల కిలోమీటర్ల చుట్టూ దిగుతుంది. విజయవాడ, హైదరాబాద్, భువనేశ్వర్ అలాగే దొరుకుతాయి. ఉదయం, సాయంత్రం మంచివి. మిట్టమధ్యాహ్నం కింది పొర మింగేస్తుంది, అప్పుడు అదే లెక్కతో 14 మెగాహెర్ట్జ్‌కు వేరే తీగ కట్టి దూరాలు వెతకండి.

ఇక సెట్టు. యేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-818 మంచిదే గానీ 2022 చివర్లో దాని తయారీ ఆపేశారు, సెకండ్ హ్యాండే దిక్కు. ఐకామ్ ఐసీ-705 సొంత బ్యాటరీ మీద 5 వాట్లు, బయటి 13.8 వోల్టుల మీద 10 వాట్లు ఇస్తుంది. డబ్బుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. మీరు మాస్టారు కాబట్టి నా ఓటు మైక్రోబిటెక్స్‌కి. హైదరాబాద్‌లోని అష్హర్ ఫర్హాన్ గారి రూపకల్పన. సర్క్యూట్ అంతా బహిరంగం. మూత తీస్తే ఏ దశ ఎక్కడుందో పిల్లలకు వేలు పెట్టి చూపించొచ్చు. నాదీ అదే. అల్యూమినియం డబ్బాలో బిగించాను, ట్యూనింగ్ నాబ్ పాత వాల్వు రేడియోది. పెద్ద నాబ్ కావడంతో చెమట చేత్తో తిప్పినా జారదు. బ్యాటరీకి నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కొనండి, యూపీఎస్‌లో వాడే సీసం బ్యాటరీని కొండ మీదికి మోస్తే మోకాళ్లే చెబుతాయి.

గొంతు అందని చోట మోర్స్ అందుతుంది. ఫోనో ల్యాప్‌టాపో కలిపితే ఎఫ్‌టీ8, అంటే కంప్యూటరే పొట్టి సందేశాలు పంపి చదివే పద్ధతి, ఇంకా బలహీనమైన సిగ్నల్‌తోనూ అందుతుంది. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన పద్ధతి అది. నాకు మాత్రం అందులో మనిషి గొంతు లేదన్న అసంతృప్తి ఉంది.

తిత్లీ అప్పుడు కరెంటూ ఫోనూ లేక నానా అవస్థా పడ్డాం. ఊరి డబ్బుతో ఒక సెట్టు కొని పంచాయతీ ఆఫీసులో పెడితే ఎలా ఉంటుంది? – ఒక కొబ్బరి రైతు, కవిటి

అన్నా, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానాన్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా. మీ ఆలోచన మంచిదే. కానీ బీరువాలో పెట్టిన సెట్టు ఎవరినీ కాపాడదు. పోర్ట్‌బ్లెయిర్ స్టేషన్ ఎందుకు పనికొచ్చింది? సునామీ వచ్చేసరికే అది పనిచేస్తూ ఉంది. తీగ కట్టి ఉంది, చెయ్యి తిరిగిన మనిషి కుర్చీలో ఉంది, వినేవాళ్లు అవతల ఉన్నారు.

కాబట్టి ముందు మనుషులు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు లైసెన్సు రావాలి, సెట్టు వాళ్ల పేరు మీద ఉండాలి. వారానికి ఒకసారైనా శ్రీకాకుళంతోనో విశాఖతోనో మాట్లాడే అలవాటు పడాలి. తీగ కట్టే చెట్లు పడిపోతాయి కాబట్టి విడిగా ఒక సరుగుడు వాసం, తాళ్లు దాచుకోవాలి. కబురు చెప్పే పద్ధతి కూడా నేర్చుకోవాలి: ఏ ఊరు, ఎంతమంది, ఏం కావాలి, ఎన్ని గంటలకు. కాగితం మీద రాసుకుని చదవడమే. టెన్షన్‌లో నోటికొచ్చింది చెబితే అవతల అన్నీ తప్పు రాసుకుంటారు. ఇంత చేసే కుర్రాళ్లు దొరికితే వెంటనే కొనండి. దొరకకపోతే ఆ డబ్బుతో సోలార్ దీపాలు కొనండి.

డాబా మీద సెట్టు పెడితే బుర్రున రొద తప్ప ఏమీ వినపడటం లేదు. సెట్టు పాడైందా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపి చూడండి. రొద తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, ఇన్వర్టరు, వీటిని ఒక్కొక్కటే వేస్తూ పట్టుకోండి. తగ్గకపోతే పక్కింటిది. అప్పుడు సంచి సర్దుకుని ఊరి బయటికి వెళ్లడమే.

కళింగపట్నం బీచ్‌లో పెట్టుకుంటే సిగ్నల్ బాగా పోతుందంటారు, నిజమా? – ఒక పాఠకురాలు, గార

నిజమే అమ్మా. ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి నీటి అంచున నిలువుగా నిలబెట్టిన తీగ సముద్రం మీదుగా చాలా తక్కువ కోణంలో, దూరానికి పంపుతుంది. 14 మెగాహెర్ట్జ్‌కు ఐదు మీటర్ల తీగను ఫైబర్ గేలం కర్రకు చుట్టి నిలబెట్టండి. కిందివైపు అంతే పొడవున్న మరికొన్ని తీగలు తడి ఇసుక మీద పరచండి. ఎదురుగా బంగాళాఖాతమే. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) సుమారు 1,200 కిలోమీటర్లు, ఆ పైన మలేసియా, ఇండోనేసియా.

ఒక సంగతి. తీరంలో తీగలు కట్టి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషిని చూస్తే మత్స్యకారులూ ఆగుతారు, మెరైన్ పోలీసులూ ఆగుతారు. ఆగాలి కూడా. రిజిస్టరైన చిరునామా వదిలి బయట వాడటం గురించి మీ లైసెన్సు షరతులు ముందే చదవండి. కాపీ వెంట ఉంచుకోండి, స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పండి. విసుక్కోకుండా హెడ్‌ఫోన్ వాళ్లకూ ఇచ్చి వినిపించండి. వేసవి మధ్యాహ్నాల్లో మబ్బు నల్లబడితే ఉరుము వినపడేదాకా ఆగొద్దు, కర్ర దించేయండి. ఇంటికొచ్చాక కనెక్టర్లను మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి.

లైసెన్సు లేదు, డబ్బూ లేదు. ఊరికే వినొచ్చా? – ఒక డిగ్రీ విద్యార్థి, విజయనగరం

వినొచ్చు. అందరూ అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేనంటాను. ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, హ్యాములు గొంతు పంపే పద్ధతి) ఉన్న షార్ట్‌వేవ్ రేడియో ఒకటి, డాబా మీద కొన్ని మీటర్ల తీగ చాలు. ఉదయం పూట 7.05 నుంచి 7.15 మెగాహెర్ట్జ్ దాకా లోయర్ సైడ్‌బ్యాండ్‌లో నెమ్మదిగా తిప్పండి. ఎస్‌ఎస్‌బీ లేని రేడియోలో గొంతులు బాతుల అరుపుల్లా ఉంటాయి, ఒక్క ముక్క అర్థం కాదు. షాపువాడు ‘అన్నీ వస్తాయి’ అంటే నమ్మకు బాబూ, అక్కడికక్కడే తిప్పి చూపించమను.